గ్యాలరీ గోడ మీద వీడియో ఆగకుండా ఆడాలంటే

మాదాపూర్ స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ లాంటి చోట డిజిటల్ కళ పెట్టేవాళ్లు ముందు కొలటేపు పట్టుకోవాలి. ప్రొజెక్టర్ త్రో రేషియో (గోడకున్న దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చే అంకె) 1.2 అయితే, 3 మీటర్ల వెడల్పు బొమ్మకు లెన్సు నుంచి గోడకు 3.6 మీటర్ల దూరం కావాలి. బొమ్మ వంకరగా పడితే కీస్టోన్ (బొమ్మ ఆకారాన్ని సరిదిద్దే ప్రొజెక్టర్ సెట్టింగు) జోలికి పోకండి. పిక్సెళ్లు పోయి సన్న గీతలు అలుక్కుపోతాయి. ప్రొజెక్టర్‌ను పట్టి ఉంచే బ్రాకెట్టునే సరిచేయండి.

వీడియో ఆడించడానికి ల్యాప్‌టాప్ వద్దు. మధ్యలో వచ్చే అప్‌డేట్ నోటీసు గోడంతా కమ్మేసి కళాకారుడి శ్రమను పాడుచేస్తుంది. రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ చాలు, 1080పీ (ఫుల్ హెచ్‌డీ) హెచ్.264 పద్ధతిలో కుదించిన వీడియో ఫైలు హాయిగా ఆడుతుంది.

అసలు చిక్కంతా కరెంటుతోనే. రాస్ప్‌బెర్రీకి డిస్కులా పనిచేసే ఎస్‌డీ కార్డు మీద ఏదైనా రాస్తుండగా సరఫరా పోతే అది పాడై, మర్నాడు నల్ల తెరే మిగలొచ్చు. అందుకే రాస్పీ-కాన్ఫిగ్‌లో (రాస్ప్‌బెర్రీ సెట్టింగుల మెనూలో) ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ ఆన్ చేయండి; మార్పులన్నీ తాత్కాలికంగా మెమరీలోనే ఉంటాయి. ఇక కార్డు మీద రాతలుండవు. వీడియో మార్చేముందు మాత్రం ఈ ఓవర్‌లేను ఆపాలి, లేకపోతే రీస్టార్ట్ కాగానే కొత్త ఫైలు మాయం. ల్యాంపు ప్రొజెక్టర్‌కి యూపీఎస్ తప్పనిసరి: కరెంటు ఠక్కున పోతే ఫ్యాను ఆగి, వేడికి ల్యాంపు ఆయుష్షు తగ్గుతుంది.

రోజూ ముందు ప్రొజెక్టర్ వేసి, తర్వాతే రాస్ప్‌బెర్రీ ఆన్ చేయండి; తారుమారైతే సిగ్నల్ అందకపోవచ్చు. ఇక్కడి దుమ్ముకు ఎయిర్ ఫిల్టర్ వారానికోసారి మెత్తటి బ్రష్‌తో దులపాల్సిందే.