కాకిని "తాతి" అంటున్నాడా? ఎక్కడ తేడా కొడుతోందో ఇలా చూడండి

మావాడికి నాలుగేళ్ళు దాటినా బాల్కనీలో కాకి వాలిందంటే "తాతి! తాతి!" అని ఒకటే అరుపు, లోపల పేపర్ చదువుకుంటున్న మా మావయ్యగారు తననే పిలుస్తున్నాడనుకుని లేచొచ్చేవారు. మేముండేది బెంగళూరు మారతహళ్ళిలో, ఇంట్లో తెలుగు, పనావిడతో కన్నడ, స్కూల్లో ఇంగ్లీషు. మూడు భాషలతో పిల్లాణ్ణి కన్ఫ్యూజ్ చేసేశారని అందరూ మా మీద పడ్డారు. భాషలు ఎక్కువైనంత మాత్రాన ఇలాంటివి రావు, అది తెలిసేసరికి మాకు ఆర్నెల్లు పోయింది.

ముందో పని చేయండి. ఒక వారం పాటు పిల్లలు తప్పుగా అన్న మాటల్ని వాళ్ళన్నట్టే ఫోన్లో రాసుకోండి. ఒక్క మాట చూస్తే ఏమీ తెలీదు, ఇరవై మాటలు చూస్తే ఏ అక్షరం ఏమవుతోందో మీకే కనబడుతుంది.

సమస్య: క బదులు త, గ బదులు ద. కోడి "తోడి", గోడ "దోడ".

కారణం: క, గ పలకాలంటే నాలుక వెనక భాగం లేవాలి, వీళ్ళు ఆ పని కూడా కొసతోనే కానిచ్చేస్తారు. చిన్నపిల్లల్లో ఇది మామూలే, మూడున్నర నాలుగేళ్ళకి పోతుంది, ఆ తర్వాతా ఉంటే స్పీచ్ థెరపిస్ట్‌కి చూపించాలి. నాలుక కింద నరం కట్ చేయించమని మాకు చాలామంది చెప్పారు. ఆ నరం అడ్డమైతే కొసతో పలికేవే కష్టం కావాలి కదా, వీడికి త బ్రహ్మాండంగా వస్తుంటే దాన్ని కోసి ఏం లాభం? మా అత్తగారు వస అరగదీసి నాకించారు, వసపిట్టలా వాగుతున్నాడు గానీ క మాత్రం రాలేదు.

ఏం చేయాలి: "సరిగ్గా చెప్పు" అని మీద పడకండి. నేనోసారి వాడిలాగే "తాతి వచ్చింది" అన్నా, వాడికి కోపమొచ్చి "తాతి కాదూ, తాతి!" అన్నాడు. తేడా చెవికి తెలుసు, నోటికే రావట్లేదు. 1960లో జీన్ బెర్కో, రోజర్ బ్రౌన్ అనే ఇద్దరు రాసింది కూడా ఇలాంటి పిల్లాడి గురించే, వాడు ఫిష్‌ని "ఫిస్" అంటాడు గానీ పెద్దవాళ్ళు "ఫిస్" అంటే ఒప్పుకోడు.

మాకు పనికొచ్చినవి రెండు. ఒకటి, వెల్లకిలా పడుకోబెట్టి నోరు తెరిపించి క అనిపించడం, నాలుక దానంతటదే వెనక్కి జారుతుంది. రెండోది బొమ్మల ఆట: కోట-తోట, కల-తల. కోట కావాలని "తోట" అంటే తోట బొమ్మే చేతిలో పెట్టాలి, తిట్టక్కర్లేదు. నాలుగుసార్లు తప్పు బొమ్మ వచ్చేసరికి వాడే నాలుక ఎక్కడ పెట్టాలా అని తంటాలు పడ్డాడు.

సమస్య: పాలని "హాలు", పాముని "హావు" అంటోంది.

కారణం: అది కన్నడ, పనావిడ దగ్గర నేర్చుకుంది. పాతకాలపు ప కన్నడలో హ అయింది, పులి వాళ్ళకి హులి. దీనికి రిపేరు అక్కర్లేదు. నానమ్మ దగ్గర నేర్చుకున్న "ఇస్కూలు" కూడా అంతే.

సమస్య: ర బదులు ల, పుస్తకం "పుత్తకం", స్కూల్ "కూల్".

ర అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చేవాటిలో ఒకటి, ఐదారేళ్ళ దాకా ఆగొచ్చు. ఒత్తులు కూడా మెల్లగానే కుదురుతాయి.

సమస్య: జలుబు చేసినప్పుడల్లా మాట ముద్దగా అయిపోతోంది, టీవీ సౌండ్ పెంచుతోంది, వెనకనుంచి పిలిస్తే పలకదు.

అసలు ఇదే ముందు రాయాల్సింది. మా తోడికోడలి కూతురికి చెవిలో కర్ణభేరి వెనక నీరు చేరింది, నొప్పి లేదు కాబట్టి ఎవరికీ తెలీలేదు, మేమంతా మొండిపిల్ల అనుకున్నాం. ఏ థెరపీకైనా ముందు వినికిడి టెస్ట్ చేయించండి.

సమస్య: మాట బానే ఉంది, చదవమంటే పుస్తకాన్ని "పుసతకం" అంటాడు, మ-య, ప-వ తారుమారు.

పుస్తకం మూసేసి నోటితో అడగండి, చిలకలో చి తీసేస్తే ఏం మిగిలింది? "లక" అని టక్కున చెప్తే చిక్కు చాలావరకు అక్షరాల ఆకారంతోనే, ప్రాక్టీసుతో సర్దుకుంటుంది. చెప్పలేకపోతే మాటని ముక్కలుగా వినడమే రావట్లేదు, అప్పుడు చప్పట్లు కొడుతూ అక్షరాలు విడగొట్టించండి, మనం చిన్నప్పుడు మాట్లాడుకున్న క-భాష ఆడించండి, "కనే కను కవ కస్తా" అని. ఏడెనిమిదేళ్ళకీ చదువు ఇలాగే ఉంటే బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో అసెస్‌మెంట్ చేయించొచ్చు, చదువులో వచ్చే ఈ లోపం 2016 వికలాంగుల హక్కుల చట్టంలో కూడా ఉంది.

నాలుగేళ్ళొచ్చినా బయటివాళ్ళకి మాట అర్థంకాకపోతే ఇంట్లో ప్రయోగాలు ఆపేసి థెరపిస్ట్ దగ్గరికెళ్ళండి, ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా అని అడగడానికి మొహమాటపడకండి. బెంగళూరు లింగరాజపురంలో మాట, వినికిడి సమస్యలు చూసే చంద్రశేఖర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, ఓపికుంటే మైసూరులో 1965 నుంచీ ఉన్న స్పీచ్ అండ్ హియరింగ్ సంస్థ ఉంది. మేం మొదట వెళ్ళిన క్లినిక్‌లో అన్నీ ఇంగ్లీషు కార్డులే, ఇంట్లో కోడి, గోడ అనే పిల్లాడికి అవి ఎందుకు ఎక్కుతాయి? తెలుగు మాటల లిస్టు మీరే రాసి పట్టుకెళ్ళండి.

ఆఖరిది. క వచ్చిన కొత్తలో మావాడు తాతయ్యని "కాకయ్య" అన్నాడు, తాళం "కాళం" అయింది. కొత్తగా వచ్చిన క కదా, కనబడిన ప్రతి త మీదా వాడేస్తారు. ఏమీ చేయక్కర్లేదు, దానంతటదే పోతుంది. మా మావయ్యగారు రెండు వారాలు ఆ పేరుకే పలికారు.