గాల్వెస్టన్‌లో గాలం వేయాలంటే: లైసెన్స్ ఎంత, ఏ చేపలు పట్టాలి

హ్యూస్టన్ మనవాళ్ళు ఎండాకాలం రాగానే గాల్వెస్టన్ బీచ్‌కి పోతారు కదా, ఈసారి గాలం కూడా పెట్టుకోండి, కానీ కారెక్కే ముందే లైసెన్స్ తీసుకోండి. ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, వాల్‌మార్ట్‌లో కూడా ఇస్తారు. 17 ఏళ్ళు నిండని పిల్లలకి అక్కర్లేదు. ఆరు నెలలు దాటి టెక్సాస్‌లోనే ఉంటున్నవాళ్ళు రెసిడెంట్ లెక్క, వాళ్ళకి సముద్రంలో పట్టే లైసెన్స్, అంటే సాల్ట్‌వాటర్ ప్యాకేజీ, 35 డాలర్లు, బయటివాళ్ళకి 63. లేక్‌లకి కూడా పనికొచ్చే ఆల్ వాటర్ ప్యాకేజీ రెసిడెంట్‌కి 40, ఐదు డాలర్లే తేడా కాబట్టి నేనైతే అదే తీసుకోమంటా.

ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి, ఈ ప్యాకేజీలు ఎప్పుడు కొన్నా ఆగస్ట్ 31కి అయిపోతాయి. జూన్‌లో 40 పెట్టి కొంటే మూడు నెలలు కూడా సరిగ్గా రాదు. అప్పుడు కొన్న రోజు నుంచి ఏడాది నడిచే ఆల్ వాటర్ లైసెన్స్ 47కి తీసుకోవడం నయం, ఒక్కసారే వెళ్ళేవాళ్ళకైతే ఒకరోజుది 11 చాలు.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు సంగతి వేరే. మా మామయ్యగారు కాకినాడ నుంచి వచ్చి "నాకెందుకయ్యా లైసెన్సు, ఊరికే కాసేపు పట్టుకుంటా" అన్నారు, కానీ గాలం చేతిలో ఉంటే చేపలు పడుతున్నట్టే లెక్క, ఆయనకి నాన్‌రెసిడెంట్ ఒకరోజుది 16 డాలర్లు పెట్టి తీసుకున్నాం. అది కూడా వద్దనుకుంటే గాల్వెస్టన్ ఐలాండ్ స్టేట్ పార్క్‌కి వెళ్ళండి, స్టేట్ పార్క్‌లో ఒడ్డు నుంచి పడితే ఎవరికీ లైసెన్స్ అక్కర్లేదు, ఎంట్రీ ఫీజు కడితే చాలు. ఎంత సైజు చేప ఉంచుకోవచ్చు, రోజుకి ఎన్ని అనే రూల్స్ మాత్రం అక్కడ కూడా అవే.

ఇక చేపలు. నాకు అన్నిటికంటే ఇష్టం రెడ్‌ఫిష్, తోక దగ్గర నల్ల చుక్క ఉంటుంది, గాలానికి తగిలిందంటే రీల్ గిర్రున తిరిగిపోతుంది. మామూలుగా 20 నుంచి 28 అంగుళాల మధ్యవే ఉంచుకోవాలి, రోజుకి మూడు. పెద్దవి గుడ్లు పెట్టే తల్లి చేపలు, అందుకే ఆ పైపరిమితి, నాకు అది చాలా న్యాయంగా అనిపిస్తుంది. కొలిచేటప్పుడు నోరు మూసి, తోక రెండు కొసలూ దగ్గరికి నొక్కి కొలవాలి. కండ గట్టిగా ఉంటుంది కాబట్టి పులుసులో ముక్క విడిపోదు, చింతపండు చిక్కగా వేసి రాత్రి వండి పొద్దున తింటే ఇంకా బాగుంటుంది.

స్పెకిల్డ్ ట్రౌట్ మెత్తన, దాన్ని వేపుడే చేయండి. 15 నుంచి 20 అంగుళాలు, రోజుకి మూడే. బతికున్న రొయ్యని పాపింగ్ కార్క్ (నీళ్ళ మీద తేలుతూ చప్పుడు చేసే బెండు) కింద వేలాడదీసి మధ్యమధ్యలో టపటపా లాగితే ఆ చప్పుడుకి వస్తుంది. ఫ్లౌండర్ కూడా చాలా రుచి, కానీ నవంబర్ 1 నుంచి డిసెంబర్ 14 వరకు ఉంచుకోకూడదు, అవి గుడ్లు పెట్టడానికి బే నుంచి సముద్రంలోకి పోయే రోజులవి.

మొదటిసారి వెళ్ళేవాళ్ళు, పిల్లలున్నవాళ్ళు వీటికోసం పట్టుబట్టొద్దు, సీవాల్ దగ్గర రాళ్ళ గట్టు మీద నుంచో ఒడ్డు అలల్లోనో చిన్న కొక్కేనికి రొయ్య ముక్క గుచ్చి అడుగుకి వదలండి, వైటింగ్ పడుతుంది, చిన్న చేపే కానీ కారం పట్టించి వేపితే ప్లేటు ఖాళీ అవుతుంది.

అదే ఎరకి జెల్ల కూడా పడుతుంది, ఇక్కడ హార్డ్‌హెడ్ అంటారు. దాన్ని చేత్తో పట్టుకోకండి, వీపు మీదా పక్కలా ఉండే ముళ్ళలో విషం ఉంటుంది, నాకొకసారి బొటనవేలికి దిగి సాయంత్రం దాకా చెయ్యి లాగేసింది. ప్లయర్స్‌తో కొక్కెం తీసి నీళ్ళలోకి వదిలేయండి, గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో చెయ్యి ఉంచండి, నొప్పి తగ్గకపోతే డాక్టర్‌కి చూపించండి.