చైనాగ్రాస్ ముద్దను ఫోన్‌తో స్కాన్ చేసి త్రీడీ మోడల్ చేయడం

హనుమకొండలో డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. సీటీ స్కాన్ పాఠం వస్తే ఎక్స్‌రేకు బదులు మామూలు వెలుతురుతోనే ప్రయోగం కానిస్తాం. లెక్క మాత్రం అదే: వస్తువును తిప్పుతూ ఒక్కో కోణంలో నీడ తీసుకుంటే, లోపల ఎక్కడ ఏముందో రాబట్టవచ్చు. దీని గణితం గణితవేత్త యోహాన్ రాడాన్ 1917లోనే రాసిపెట్టాడు. కోడ్ నాలుగు లైన్లు. తిప్పలన్నీ ఫోటోల దగ్గరే.

కిరాణా షాపు చైనాగ్రాస్ (జెల్లీ చేసే అగర్) పొడి తెచ్చి, 100 మిల్లీలీటర్ల నీళ్లకు ఒక గ్రాము చొప్పున మరిగించండి. కొంచెం పక్కకు తీసి, లేతగా ఎర్ర ఫుడ్ కలర్ కలిపి పళ్లెంలో పోయండి. గడ్డకట్టాక స్ట్రాతో గుచ్చితే ఎర్ర ముక్కలొస్తాయి. రంగులేనిది చేయి పట్టేంత వేడికి దిగాక చిన్న స్టీలు గ్లాసులో సగం పోసి, గట్టిపడుతుండగా రెండు ముక్కలు పెట్టి, మిగతాది పోసేయండి. ముక్కలు కరుగుతాయని టెన్షన్ వద్దు. చైనాగ్రాస్ 40 డిగ్రీలకు కాస్త అటూఇటుగా గడ్డకడుతుంది, మళ్లీ కరగాలంటే 85 దాకా వేడెక్కాలి. రంగే ఆగదు, గంటల్లో అంచు దాటి పాకుతుంది. పొద్దున పోసింది మధ్యాహ్నంలోపు ఫోటో తీసేయాలి.

మా పిల్లలకు ఎప్పుడూ ఒకటే కోరిక: "సార్, చపాట మిర్చి పెడదాం!" వరంగల్ ఎనుమాముల మిర్చి మార్కెట్ చూసి పెరిగినవాళ్లు మరి. మిర్చి గుండా వెలుతురు సరిగా రాదు. పై ఆకారం వస్తుంది, లోపలి గింజలు రావు. దానికి ఎక్స్‌రేనే కావాలి.

ముద్ద గడ్డకట్టకముందే, కింది చివర బాటిల్ మూత అంటించిన వెదురు పుల్లను మధ్యలో నిలబెట్టండి. తర్వాత గ్లాసులోంచి తీసి, పుల్ల పైకొసను మోటారుకు బిగించి, నీళ్లు నింపిన చదరపు గాజు తొట్టిలోకి వేలాడదీయండి. గాలిలో తిప్పితే గుండ్రటి ముద్ద లెన్స్‌లా కిరణాలను వంచేస్తుంది. నీళ్లలో ఆ బాధ చాలావరకు పోతుంది. తొట్టి వెనక ట్రేసింగ్ పేపర్, దాని వెనక ఎల్ఈడీ ప్యానెల్. ఫోన్‌ను మీటరున్నర దూరంలో స్టాండుకు పెట్టి జూమ్ చేయండి, కిరణాలు దాదాపు సమాంతరంగా వస్తాయి. ఫోకస్, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ మూడూ లాక్ చేయాల్సిందే. షట్టర్ సెకనులో వందో వంతు పెడితే కరెంటు లైటు చారలు పడవు.

మోటారు 28బివైజె-48 అనే చిన్న స్టెప్పర్ మోటారు, ఆర్డ్యునో అనే చిన్న కంట్రోలర్ బోర్డుతో నడుస్తుంది. చుట్టుకు 4096 అడుగులని (స్టెప్పులని) రాస్తారు గానీ గేర్ల పళ్లు లెక్కేస్తే దాదాపు 4076. ఎనిమిదేసి అడుగులకు ఒక ఫోటో, మొత్తం 256 ఫోటోలు, మధ్య కోణం 0.7066 డిగ్రీలు. సగం చుట్టు చాలు. అడుగు పడ్డాక ముద్ద ఊగడం ఆగేదాకా రెండు సెకన్లు ఆగి క్లిక్ కొట్టండి. ముద్ద తీసేసి ఖాళీ తొట్టి ఫోటో కూడా ఒకటి తీసుకోండి.

ఇక పైథాన్. ఎర్ర రంగు ఆకుపచ్చ వెలుతురును మింగుతుంది కాబట్టి గ్రీన్ ఛానల్ ఒక్కటే తీసుకుని, వెడల్పు 160 పిక్సెళ్లకు కుదించండి. అంత వెడల్పుకు 250 కోణాలు అవసరం, మన దగ్గర 256 ఉన్నాయి. జేపెగ్ విలువలను 2.2 ఘాతానికి పెంచి, ఖాళీ ఫోటోతో భాగించి, మైనస్ లాగ్ (లాగరిథమ్) తీయండి. ఈ లాగ్ మరిచిపోతే తర్వాతి లెక్కంతా దండగ.

మొదటి ఫోటోను, ఎడమకుడి తిప్పిన చివరి ఫోటోను పక్కపక్కన పెట్టి చూస్తే తిరిగే అక్షం ఎక్కడుందో తెలుస్తుంది. దాన్ని సరిగ్గా నడిమికి జరపండి. రెండు పిక్సెళ్లు తప్పినా ముక్కలు నెలవంకల్లా సాగిపోతాయి. తర్వాత అన్ని ఫోటోల్లోని ఒక్కో వరుసను సైకిట్-ఇమేజ్ అనే పైథాన్ లైబ్రరీలోని ఐరాడాన్ (iradon) ఫంక్షన్‌కు, మసకను తగ్గించే ర్యాంప్ ఫిల్టర్‌తో ఇస్తే ఒక్కో అడ్డకోత వస్తుంది. వాటిని పేర్చి, కాస్త గాసియన్ బ్లర్ ఇచ్చి, ముక్కల ఉపరితలాన్ని గీసే మార్చింగ్ క్యూబ్స్ నడిపి ఎస్‌టీఎల్ అనే త్రీడీ ఫైలుగా సేవ్ చేయండి. థ్రెషోల్డ్‌ను (ముక్కను జెల్లీ నుంచి వేరు చేసే హద్దు విలువను) ముక్క విలువకు, ఖాళీ జెల్లీ విలువకు సగం దారిలో పెట్టి మెష్‌ల్యాబ్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో చూసుకోండి. కొలతలు పిక్సెళ్లలో ఉంటాయి. స్ట్రా వ్యాసం స్కేలుతో కొలిచి ఆ నిష్పత్తిలో మార్చాకే త్రీడీ ప్రింటర్‌కు పంపండి.