వరి మడిలో అడుగు పైపు: నీళ్లను నేల లోపల చూసి తడి పెట్టే పద్ధతి

మడిలో నీళ్లు కనబడకపోతే చేయి మోటారు స్విచ్ మీదికి పోతుంది. వరి విషయంలో మనం కంటితో చూసే నీటినే నమ్ముతాం. మొక్క మాత్రం వేరుకు అందే నీటితో బతుకుతుంది. ఫిలిప్పీన్స్‌లోని లాస్ బాన్యోస్‌లో ఉన్న అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ, ఇర్రి, తేల్చి చెప్పింది ఇదే: నీటి మట్టం నేల ఉపరితలానికి 15 సెం.మీ. దిగువకు పోయేదాకా ఆగి తడి పెట్టినా దిగుబడి తగ్గదు, నీరు 30 శాతం దాకా మిగులుతుంది. దీన్ని తడి-పొడి పద్ధతి అంటారు. ఆ 15 సెం.మీ. లోతును చూడటానికి కావలసిన పరికరం నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్క ఒక్కటే. కొత్త సాంకేతికతల్లో ఇంత చవకైనది అరుదు.

మిగిలేది నీరొక్కటే కాదు. నిలవ నీటి కింద నేలకు గాలి అందదు. గాలి లేని బురదలో కొన్ని సూక్ష్మజీవులు కుళ్లిన గడ్డీ గాదాన్ని తిని మీథేన్ అనే వాయువు వదులుతాయి. అందులో ఎక్కువ భాగం వరి కాండంలోని గాలి గొట్టాల గుండానే పైకి వస్తుంది, అంటే మొక్కే పొగగొట్టంలా పనిచేస్తుందన్నమాట. వందేళ్ల లెక్కలో మీథేన్ బొగ్గుపులుసు వాయువు కంటే దాదాపు 28 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. నేల కాస్త ఆరితే గాలి చొరబడి ఆ సూక్ష్మజీవుల పని ఆగుతుంది. వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి ఏర్పాటు చేసిన శాస్త్రవేత్తల సంఘం, ఐపీసీసీ, 2019 లెక్కల ప్రకారం, ఎప్పుడూ నీళ్లు నిలిపిన మడితో పోలిస్తే పంటకాలంలో ఒకసారి ఆరగడితే మీథేన్ 29 శాతం, ఒకటికి మించి ఆరగడితే 45 శాతం తగ్గుతుంది.

పైపు తయారీ

నాలుగంగుళాల పీవీసీ పైపును అడుగు ముక్కలుగా, అంటే 30 సెం.మీ. చొప్పున, కోయాలి. ఇరవై అడుగుల పైపు ఒక్కటి కొంటే 20 ముక్కలు వస్తాయి. నలుగురైదుగురు రైతులు కలిసి కొనుక్కోవచ్చు. అంతకంటే సన్నటి పైపు వద్దు. లోపలి మట్టి తీయడానికి చేయి దూరదు, అడుగున నీళ్లున్నాయో లేదో కనబడదు. లావు వెదురు బొంగు దొరికితే కణుపులు తొలిచి అదైనా వాడవచ్చు.

ముక్క మధ్యలో చుట్టూ ఒక గీత గీయండి. గీతకు పైన ఉన్న ఆరంగుళాలు నేల మీద ఉంటాయి, కిందివి నేలలోకి దిగుతాయి. కింది సగంలో మాత్రమే 5 మి.మీ. డ్రిల్ బిట్‌తో 2 సెం.మీ. ఎడంలో నలువైపులా రంధ్రాలు పెట్టాలి. వరుసకు 17 చొప్పున ఏడు వరుసలు, మొత్తం 120 దాకా వస్తాయి. డ్రిల్ లేకపోతే కాల్చిన ఇనుప ఊచతో పొడవవచ్చు, కానీ కరిగిన ప్లాస్టిక్ అంచు లోపలికి మడతపడి రంధ్రం పూడుతుంది, చాకుతో చెక్కేయాలి. గీతకు పైన పొరపాటున ఒక్క రంధ్రం పడినా టేపు వేయండి, లేకపోతే మడి నీళ్లతో పాటు నాచు, చెత్త లోపలికి చేరతాయి.

పాతడం

దమ్ము చేసి నాట్లు వేశాక, నేల ఇంకా మెత్తగా ఉండగానే పాతాలి. గట్టుకు మూడు నాలుగు అడుగుల దూరంలో, నడిచి వచ్చి చూడటానికి వీలైన చోటు ఎంచుకోండి. ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. నీరు పారే మడవ పక్కన పాతితే ఎప్పుడూ తడిగానే కనిపిస్తుంది. కాలువ గట్టు ఆనుకుని పాతితే ఊట నీరు మోసం చేస్తుంది. ఎత్తు మీద పాతితే ముందే మోటారు వేస్తారు, పల్లంలో పాతితే మిగతా మడి ఎండుతుంది. మడిలో సగటు మట్టం ఉన్న చోటే సరైన చోటు. నేల చదునుగా ఉంటే ఎకరానికి ఒకటి చాలు. మడులు మెట్లు మెట్లుగా ఉంటే ప్రతి మట్టానికీ ఒకటి కావాలి.

గీత దాకా దిగగొట్టి ఆపండి. దమ్ము చేసిన పొర కింద, ఏళ్ల తరబడి నాగలి, ట్రాక్టరు తొక్కిడికి గట్టిపడిన పొర ఒకటి ఉంటుంది. మడిలో నీరు నిలిచేది దాని వల్లే. పైపు దాన్ని చీల్చిందంటే నీరు ఆ దారినే పాతాళానికి పోతుంది. తర్వాత లోపలి మట్టిని చేత్తో అడుగుదాకా తీసేయాలి. దీన్ని బద్ధకించి వదిలేస్తే మిగతాదంతా వృథా.

నీళ్లు పెట్టిన కొన్ని గంటలకు పైపు లోపల, బయట నీటి మట్టం ఒకటిగా ఉండాలి. లేకపోతే రంధ్రాలు బంకమట్టితో పూడినట్టే. పైపు పీకి, కడిగి, మళ్లీ పాతండి.

ఎప్పుడు ఆరగట్టాలి, ఎప్పుడు కూడదు

నాటిన మొదటి రెండు వారాలు తడి-పొడి జోలికి పోవద్దు. నారు వేరు పట్టాలి, కలుపు అణగాలి, కలుపు మందు పనిచేయాలి. ఈ మూడింటికీ పలుచగా నీరు నిలవాలి. ఊద, తుంగ ఎక్కువగా వచ్చే మడి అయితే మూడో వారం దాకా ఆగండి. తడి-పొడిని వదిలేసిన రైతుల్లో ఎక్కువ మందిని విసిగించేది కలుపే. తొందరపడి మొదలుపెట్టిన చోట నీటిలో మిగిలిన డబ్బు కూలీలకు పోతుంది.

ఆ తర్వాత లెక్క తేలిక. రెండంగుళాల నీరు పెట్టి మోటారు కట్టేయండి. రోజూ ఒక పూట వచ్చి పైపులోకి తొంగి చూడండి. అడుగున నీరు కనిపించినంత కాలం మడి పైన ఆరినట్టున్నా కంగారు పడనక్కరలేదు. పైపు అడుగు బయటపడిన రోజు మళ్లీ రెండంగుళాలు పెట్టాలి. రెండు తడుల మధ్య ఎన్ని రోజులన్నది నేలను బట్టి, ఎండను బట్టి మారుతుంది; పక్క రైతు లెక్క మీకు పనికిరాదు. మొదటి సీజన్‌లో ధైర్యం చాలకపోతే నీరు నాలుగంగుళాలు దిగగానే తడి పెట్టండి. ఒక మడిలో చేసి చూశాకే మిగతా వాటికి పోవడం మంచిది.

ఈనికకు వారం ముందు నుంచి వారం తర్వాత దాకా మాత్రం రెండంగుళాల నీరు తగ్గకూడదు. ఆ రోజుల్లో బెట్ట తగిలితే పుప్పొడి దెబ్బతిని తాలు గింజలు వస్తాయి, తర్వాత ఎన్ని నీళ్లు పెట్టినా ఆ నష్టం పూడదు. పూత సాధారణంగా కోతకు 30 రోజుల ముందు వస్తుంది కాబట్టి 120 రోజుల రకానికి విత్తిన 90వ రోజు ప్రాంతం. తేదీ కంటే పొట్ట కర్ర ఉబ్బడాన్ని నమ్మండి. పాలు పోసుకోవడం మొదలయ్యాక మళ్లీ పైపు లెక్కకు రావచ్చు.

మోటారు ఎంతసేపు వేయాలి?

ఎకరంలో రెండంగుళాల నీరంటే సుమారు 2 లక్షల లీటర్లు. 200 లీటర్ల డ్రమ్ము బోరు కింద పెట్టి ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడండి. 50 సెకన్లయితే గంటకు 14,400 లీటర్లు, అంటే ఎకరానికి 14 గంటలు. ఆరిన నేల తాగే నీరు దీనికి అదనం. ఆటో స్టార్టరు పెట్టి వదిలేస్తే ఈ లెక్కంతా వ్యర్థం: కరెంటు వచ్చినప్పుడల్లా మోటారు తిరుగుతుంది, పైపు ఎప్పుడూ నిండే ఉంటుంది. ఉచిత కరెంటు ఉన్నచోట బిల్లులో మిగిలేదేమీ ఉండదు నిజమే. కానీ యాసంగి చివర్లో బోరు ఎండకుండా ఉండటం, ఉన్న నీటితో చివరి మడి కూడా గట్టెక్కడం చిన్న లాభం కాదు.

ఎరువు, పురుగు, తెగులు

యూరియాను నిలవ నీటిలో చల్లడం మానేయండి. నేల ఆరిన రోజు, తడి పెట్టబోయే ముందు చల్లితే ఎరువు నీటితో పాటు వేరు దగ్గరికి దిగుతుంది. మోతాదు మార్చనక్కరలేదు. చల్లిన తర్వాత తడి ఆలస్యం చేస్తే మాత్రం నత్రజని గాలిలో కలుస్తుంది. నేల తడిసి ఆరుతూ ఉన్నప్పుడు భూమిని వేడెక్కించే నైట్రస్ ఆక్సైడ్ అనే మరో వాయువు కొంత పెరుగుతుంది. అవసరానికి మించి యూరియా వేసేవారు మీథేన్‌లో గెలిచింది అక్కడ పోగొట్టుకుంటారు.

సుడిదోమకు మడి ఆరగట్టడం మంచిదే. నాటేటప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెం.మీ. కాలిబాట వదిలితే ఇంకా మేలు. అగ్గి తెగులు సంగతి వేరు: ఆరిన నేలలో అది పెరుగుతుంది. సాంబ మసూరి లాంటి తట్టుకోలేని రకం, చల్లటి రాత్రులు, మంచు కలిసి వచ్చినప్పుడు నాలుగంగుళాలకు మించి దిగనివ్వకండి. లేత ఆకులు తెల్లబారితే ఇనుప ధాతు లోపం కావచ్చు, ముఖ్యంగా సున్నం ఎక్కువున్న నేలల్లో. వెంటనే తడి పెట్టి, అన్నభేది, నిమ్మ ఉప్పు కలిపిన ద్రావణం పిచికారీ చేయాలి. ఆరిన మడుల గట్లలో ఎలుకలు చేరతాయి. ఎండ్రకాయల బొరియలతో పాటు ఎలుక బొరియలనూ పూడ్చకపోతే పెట్టిన నీరు రాత్రికి రాత్రే పక్క మడికి పోతుంది.

ఎక్కడ కుదరదు

చౌడు నేలలో వద్దు. నీరు దిగగానే ఉప్పు పైకి తేలుతుంది. ఇసుక నేలలో రెండు రోజులకే పైపు ఖాళీ అవుతుంది కాబట్టి ఆదా తక్కువ. నల్లరేగడిలో వెంట్రుక వాసి నెర్రెలు పర్వాలేదు. వేలు దూరేంత అయితే తర్వాతి తడి నీరంతా నెర్రెల్లోకే పోతుంది, అక్కడ నాలుగంగుళాల హద్దు పెట్టుకోవాలి. కాలువ కింద వంతు ఎప్పుడొస్తుందో తెలియని శివారు భూములకు ఈ పద్ధతిని సిఫారసు చేయలేం. పైపు ఖాళీ అయిన రోజున నీరు చేతిలో ఉండాలి. అందుకే బోర్ల కింది యాసంగి, నమ్మకంగా నీరొచ్చే దాళ్వా దీనికి అనువు. వానాకాలంలో మడిని ఆరగట్టడం మన చేతిలో ఉండదు. వానలు తెరిపిచ్చిన రోజుల్లో అనవసరంగా మోటారు వేయకుండా ఉండటమే అప్పుడు పైపు చేసే మేలు.

విత్తనం వైపు నుంచీ కబుర్లు వస్తున్నాయి. వరి వేళ్ల నుంచి ఊరే ఫ్యూమరేట్ అనే పదార్థం మీథేన్‌ను పెంచుతుందని, ఇథనాల్ తగ్గిస్తుందని స్వీడన్, చైనా శాస్త్రవేత్తలు 2025లో ప్రచురించారు. ఆ గుణం చూసి మామూలు సంకరణంతోనే తీసిన వరిలో మీథేన్ సగటున 70 శాతం తగ్గింది. మన దేశం 2025 మేలో రెండు జన్యు సవరణ వరి రకాలను ప్రకటించింది. వాటిలో ‘కమల’ అనే రకం సాంబ మసూరి నుంచి హైదరాబాద్‌లోని భారత వరి పరిశోధన సంస్థలో పుట్టింది, సుమారు 20 రోజుల ముందే కోతకు వస్తుందన్నారు. రెండోది మన కాటన్‌దొర సన్నాల నుంచి తీసినది. కోత 20 రోజులు ముందుకు జరిగితే ఆ మేరకు తడులు కూడా తగ్గుతాయి.

మీథేన్ తగ్గించినందుకు డబ్బిచ్చే కార్బన్ క్రెడిట్ల ఒప్పందంతో ఎవరైనా వస్తే, పైపులో నీటి మట్టాన్ని తేదీతో సహా ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. సంతకానికి ముందు రైతు వాటా ఎంత, డబ్బు ఎప్పుడు చేతికొస్తుంది, మధ్యలో మానేస్తే ఏమిటి అన్న మూడూ తెలుగులో రాసి ఇమ్మనండి.

గింజ గట్టిపడి, కోతకు పది రోజుల ముందు మడి నీరు తీసేసేటప్పుడే పైపులు పీకేయండి. పండిన చేలో ఆరంగుళాల పైపు కనబడదు, హార్వెస్టర్ కట్టరుకు తగిలితే పళ్లు విరుగుతాయి. కడిగి నీడలో పెట్టుకుంటే అదే పైపు వచ్చే యాసంగికీ పనికొస్తుంది.