వార్డు మెంబర్ అయిన్రా? ఉపసర్పంచ్ ఎన్నికల జర జాగ్రత్త

మన దిక్కు ఎలక్షన్ అంటే అందరి కండ్లు సర్పంచ్ మీదనే ఉంటయి, ఉపసర్పంచ్ అంటే ఏదో ఉత్త పేరు పోస్ట్ అనుకుంటరు గాని మన తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టంల చెక్కు మీద సర్పంచ్‌తోపాటు ఉపసర్పంచ్ సంతకం కూడ పెట్టిన్రు. ఇద్దరికి పడకపోతే మోరీ పని కాడికెల్లి వీధి లైటు దాకా బిల్లులన్నీ ఆగుతయి. మా ఊర్ల గట్లనే అయింది, ట్రాక్టర్ డీజిల్ పైసలకు కూడ తిప్పలే.

సర్పంచ్‌ను జనమే డైరెక్టుగ ఎన్నుకుంటరు, ఉపసర్పంచ్‌ను మాత్రం మీరే ఎన్నుకోవాలె. 2019ల, మొన్న 2025 డిసెంబర్ల కౌంటింగ్ అయిన రోజే ఇది కూడ పెట్టిన్రు, అంటే గెలిచిన సంబురంల డప్పులు కొట్టుకుంట తిరిగితే పని ఖరాబ్ అయితది, మీటింగ్ ఎన్నింటికో ఎన్నికల అధికారిని అడిగి పెట్టుకోండ్రి.

లెక్క ముందే ఏస్కోండ్రి. 8 వార్డులుంటే సర్పంచ్‌తో కలిపి 9 మంది, సర్పంచ్‌కు కూడ ఓటుంటది, మీటింగ్ నడవాలంటే సగం మంది (కోరం) ఉండాలె కాబట్టి 5గురు కూసోవాలె. వార్డు మెంబర్లలకెల్లే ఒకరి పేరు ఒకరు చెప్పాలె, ఇంకొకరు బలపర్చాలె, తర్వాత చేతులెత్తుడే. సీక్రెట్ బ్యాలెట్ ఉండదు, ఎవరు ఎవరికి ఎత్తిన్రో ఊరంతా తెలుస్తది, గందుకే ముందురోజు రాత్రి ఇంటింటికి తిరుగుడు ఎక్కువ! సమానం వస్తే లాటరీ.

ఈ పోస్టుకు రిజర్వేషన్ లేదు, పంచాయతీ ఎన్నిక పార్టీ గుర్తుల మీద కాదు కాబట్టి విప్పు (ఫలానోళ్లకే ఓటెయ్యాలని పార్టీ ఇచ్చే ఆర్డర్) గిప్పు అని ఎవరన్న బెదిరిస్తే పట్టించుకోకుండ్రి, అది ఎంపీపీ, మున్సిపల్ చైర్మన్ కాడ ముచ్చట.

ఇగ ఎవరికి ఎత్తాలె అంటే, నన్నడిగితే సర్పంచ్ చుట్టంకు వద్దు, సర్పంచ్ పగోనికి అసలే వద్దు. బిల్లు సదివి సంతకం పెట్టేటోళ్లను సూడుండ్రి. దేవరకొండ దిక్కు తండాలు కొత్తగ పంచాయతీలైనయి గదా, ఆడ మెంబర్లు తక్కువ, ఒక్క చెయ్యి అటు ఇటు అయితే కథే మారుతది.

సర్పంచ్‌ను మెంబర్లు అవిశ్వాసంతో దించలేరు, ఉపసర్పంచ్‌ను దించొచ్చు. అయిపోయినంక రిజిస్టర్ల ఎన్ని చేతులు లేసినయో సరిగ రాసిన్రా లేదా చదివినంకనే సంతకం పెట్టుండ్రి.