చెరువు శికంలో పిట్టల ఫొటోలు: మరుగు కట్టడం నుంచి షట్టర్ దాకా

నల్లగొండ, పాలమూరు చెరువుల్లో చాలామంది కట్ట మీద నిలబడి ఫొటోలు తీస్తారు. కట్ట మీది మనిషి ఆకాశానికి ఎదురుగా నల్లగా కనబడతాడు, బుడుబుంగలు ముందే నడిమి నీళ్లలోకి జరిగిపోతాయి. కొంగలు, ఉల్లంకిపిట్టలు మేసేది నీళ్లు పలచగా ఉండే శికం (చెరువు లోపలి నేల) వైపు. కూర్చోవలసింది అక్కడే. సూర్యుడు వీపు వెనక ఉండాలి గనుక పొద్దున తూర్పు ఒడ్డు, సాయంత్రం పడమటి ఒడ్డు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వలసపిట్టలూ తోడవుతాయి.

పిట్టలకు కనబడకుండా కూర్చునే మరుగు కోసం నాలుగు వెదురు కర్రలు నాలుగడుగుల ఎత్తున పాతి, పాత గోనెసంచులు విప్పి చుట్టూ కట్టండి. పైన సర్కారు తుమ్మ కొమ్మలు చాలు. గోనె అంచులకు రాళ్లు పెట్టకపోతే గాలికి రెపరెపలాడి పిట్టలను బెదరగొడుతుంది. పొలం ఎవరిదో వాళ్లను అడిగి, రెండు మూడు రోజుల ముందే కట్టి వదిలేయండి. తెల్లారకముందే లోపల ఉండాలి. ఆలస్యమైతే ఇద్దరు వెళ్లి ఒకరు బయటికి రండి. మనిషి వెళ్లిపోయాడనుకుని పిట్టలు చాలాసార్లు కుదుటపడతాయి.

లెన్సు కంత నేలకు అడుగెత్తులోనే ఉండాలి. పిట్ట కన్నూ లెన్సూ సమానంగా ఉంటేనే వెనకదంతా మసకబారి పిట్ట విడిగా తేలుతుంది. మామూలు ట్రైపాడ్ అంత కిందికి దిగదు. మందపాటి గుడ్డ సంచిలో రెండు కిలోల జొన్నలు పోసి కుట్టి, దానిమీద లెన్సు ఆనించండి. సంచి ముప్పాతికే నిండాలి, బిగిస్తే లెన్సు జారుతుంది.

400 మి.మీ. లెన్సుతో కూర్చున్న పిట్టకు షట్టర్ 1/1000 సెకను, ఎగిరేదానికి 1/2000. ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) ఆటోలో ఉంచండి. నాయిస్ (చుక్కచుక్కల గరుకు) ఉన్న ఫొటోను కొంత బాగుచేయొచ్చు, కదిలినదాన్ని చేయలేం. ఫోకస్ పాయింటు ఒక్కటే, కంటి మీద. తెల్లకొంగ ఈకల గీతలు పోకుండా ఎక్స్‌పోజర్ సవరణ (ఫొటో వెలుగును తగ్గించే, పెంచే మీట) −0.7, ఆకాశం ముందు వాలిన నీటికాకికి +1. ఎండ ఎక్కాక నేలమీది వేడిగాలి అలలాడి దూరపు పిట్ట మసకగా వస్తుంది. లెన్సును తప్పుపట్టకండి.

కరెంటు తీగమీది పాలపిట్టకు కారే మరుగు. ఇంజన్ ఆపి, కిటికీ మీద జొన్నల సంచి పెట్టండి. తలుపు తెరిస్తే పోయినట్టే.

మార్చి తర్వాత శికంలో అడుగు చూసి వేయాలి. తీతువు గులకరాళ్ల మధ్య చిన్న గుంటలో మామూలుగా నాలుగు మచ్చల గుడ్లు పెడుతుంది. తలమీద తిరుగుతూ అరుస్తోందంటే వచ్చిన దారినే వెనక్కి రండి, ఆ ఫొటో వద్దు. ఎండాకాలంలో తీతువులు పొట్ట ఈకలు నీళ్లలో తడిపి తెచ్చి గుడ్లను చల్లబరుస్తాయి. మనం అక్కడ నిలబడ్డంతసేపూ ఆ పని ఆగిపోతుంది.