క్యాన్సర్ వైద్యం నడుస్తున్నప్పుడు పొట్టలోని మంచి బ్యాక్టీరియాని ఎలా కాపాడుకోవాలి

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు మనవాళ్లు క్యాన్సర్ వైద్యానికి కొందరు విశాఖ వెళ్తారు, కొందరు బరంపురమో కటకో వెళ్తారు. ఇంటికొచ్చాక మాత్రం అందరికీ ఒకటే టెన్షన్: మనిషికి ఏం పెట్టాలి, మంచి బ్యాక్టీరియా క్యాప్సూల్ వేయొచ్చా అని.

డాక్టరు రాయకపోతే క్యాప్సూల్ కొనకండి. పేగుల్లోని బ్యాక్టీరియాని బట్టి ఇమ్యునోథెరపీ (క్యాన్సర్‌తో పోరాడేలా ఒంటి రోగనిరోధక శక్తిని లేపే వైద్యం) పనిచేసే తీరు మారుతుందని 2018లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధనలు చూపించాయి. అయితే 2021లో అదే పత్రికలో మెలనోమా అనే చర్మ క్యాన్సర్ రోగుల గురించి ఇంకో అధ్యయనం వచ్చింది. అందులో రోజుకి కనీసం 20 గ్రాముల పీచు తిన్నవాళ్లలో జబ్బు ముదరకుండా ఎక్కువ కాలం ఆగింది, షాపులో కొన్న ప్రోబయోటిక్, అంటే మంచి బ్యాక్టీరియా మందు, వేసుకున్నవాళ్లకి అదనంగా మేలేమీ కనబడలేదు, ఎలుకల్లోనైతే ఆ ప్రోబయోటిక్ వల్ల మందు పనే తగ్గింది. కిడ్నీ క్యాన్సర్‌లో ఒక ప్రత్యేకమైన బ్యాక్టీరియా రకం చిన్న ట్రయల్‌లో ఆశ కలిగించిన మాట నిజమే, కానీ అది డాక్టర్ల కళ్ల ముందు ఇచ్చినది, మన మెడికల్ షాపులో దొరికే ఏదో ఒక స్ట్రిప్పు కాదు.

కాబట్టి డబ్బు తిండి మీద పెట్టండి. వంద గ్రాముల చోడి పిండిలో సుమారు 11 గ్రాముల పీచు ఉంటుంది. చోడి అంబలి, ఉడకబెట్టిన ఉలవలు, బొబ్బర్లు, కందిపప్పు, తోటకూర, చిలగడదుంప, ఇవన్నీ మన సంతలో దొరికేవే. మంచి బ్యాక్టీరియాకి మేత ఈ పీచే. ఒక్కసారిగా పెంచితే కడుపుబ్బరం వస్తుంది, కొంచెం కొంచెం పెంచుతూ నీళ్లు బాగా తాగించండి. పేగులో అడ్డు ఉన్నవాళ్లకి, పేగు ఆపరేషన్ కొత్తగా అయినవాళ్లకి, విరేచనాలు అవుతున్నవాళ్లకి మాత్రం ఈ సలహా వర్తించదు, డాక్టరు చెప్పిందే పెట్టాలి.

చద్దన్నం, తరవాణి, పఖాళ మనకి ప్రాణం, తెలుసు. కీమో తర్వాత తెల్ల రక్తకణాలు పడిపోయిన రోజుల్లో మాత్రం అవి వద్దు, ఎందుకంటే రాత్రంతా బయట ఉన్న అన్నంలో మంచి బ్యాక్టీరియాతో పాటు చెడ్డదీ పెరుగుతుంది, దాన్ని తట్టుకునే బలం ఆ మనిషికి అప్పుడు ఉండదు. అంబలి కూడా పులియబెట్టకుండా అప్పటికప్పుడు కాచి ఇవ్వండి. పెరుగు సంగతి రక్తపరీక్ష చూపించి అడగండి.

ఇంకొకటి, జలుబుకీ దగ్గుకీ సొంతంగా యాంటీబయోటిక్ వేయకండి. ఇమ్యునోథెరపీకి కాస్త ముందో తర్వాతో యాంటీబయోటిక్ వాడినవాళ్లలో ఫలితం తగ్గినట్టు 2018 పరిశోధనల్లోనే కనబడింది. అలాగని భయపడి అవసరమైనది ఆపకూడదు: కీమోలో ఉన్న మనిషికి జ్వరం 100.4 దాటితే తెల్లారేదాకా చూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, అక్కడ ఇచ్చే యాంటీబయోటిక్ ప్రాణం కాపాడుతుంది.

వెళ్లేటప్పుడు వాడుతున్న ప్రతి మందు స్ట్రిప్పూ, నాటుమందుతో సహా, ఒక సంచిలో వేసుకెళ్లండి. కటక్‌లో డాక్టరుకి తెలుగు రాకపోయినా ఆ స్ట్రిప్పులు చూస్తే అర్థమవుతుంది.